807 యాంప్: డ్రైవ్ లేకుండానే కరెంట్ ఎగురుతోంది, స్క్రీన్ రెసిస్టర్ మాడుతోంది

#1 కాకినాడ_కాయిల్
బిట్‌ఎక్స్ (ఇంట్లో కట్టుకునే చిన్న హామ్ ట్రాన్స్‌సీవర్) వెనకాల పెట్టడానికి ఒకే ఒక్క 807 వాల్వుతో 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) యాంప్ కట్టా. పనిచేస్తోంది అనలేను, చేయడం లేదనీ అనలేను.

హెచ్‌టీ (ప్లేట్‌కిచ్చే హై వోల్టేజ్) ఖాళీగా 640 వోల్టులు, ఐడిల్‌లో, అంటే ఇన్‌పుట్ డ్రైవ్ లేనప్పుడు, 620. స్క్రీన్‌కి (ట్యూబ్‌లో రెండో గ్రిడ్) ఆ హెచ్‌టీ నుంచే 33కే (33 కిలో ఓమ్స్) 5 వాట్ల రెసిస్టర్, పాత హ్యాండ్‌బుక్‌లో అలాగే గీసి ఉంది. బయాస్‌కి (మొదటి గ్రిడ్‌కిచ్చే నెగటివ్ వోల్టేజ్) వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇన్‌పుట్‌లో 1:4 ట్రాన్స్‌ఫార్మర్, దాని సెకండరీ మీద 1కే 2 వాట్లవి ఐదు ప్యారలల్‌గా. ఔట్‌పుట్‌లో పై-నెట్‌వర్క్, కాయిల్ 40 ఎంఎం పీవీసీ పైపు మీద 14 చుట్లు. కాథోడ్‌లో 10 ఓమ్స్ పెట్టి దాని మీద కరెంట్ చూస్తున్నా.

తేడాలు ఇవీ. బయాస్ మైనస్ 64 దాకా తోస్తే గానీ ఐడిల్ 20 ఎంఏకి దిగడం లేదు, డేటాలో 34 చిల్లర అని ఉంది. డ్రైవ్ పీకేసి ట్యూన్ కండెన్సర్ తిప్పుతుంటే ఒకచోట 20 కాస్తా 90కి ఎగురుతోంది. గాలిలోకి వెళ్తే గొంతు బొంగురుగా ఉందంటున్నారు. డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పెట్టే రెసిస్టర్) మీద 12 వాట్లు దాటడం లేదు. ఆ 33కే నల్లబడింది. ట్యూబ్ పోయినట్టేనా?

#2 డమ్మీలోడ్
ట్యూబ్ మీద అప్పుడే నింద వద్దు. స్క్రీన్ వోల్టేజ్ కొలిచారా? మీటర్ 1000 వోల్టుల రేంజ్, నల్ల ప్రోబ్ చాసిస్‌కి క్లిప్పు, ఎర్రది 2వ పిన్ మీద. రెండో చెయ్యి జేబులో.

#3 ఐఆర్ఎఫ్_వీరుడు
30 వాట్ల కోసం 600 వోల్టులతో కాపురం ఎందుకండీ. ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు రెండు పుష్‌పుల్‌లో పెట్టి 24 వోల్టులిస్తే అయిపోయే పని.

#4 డమ్మీలోడ్
@ఐఆర్ఎఫ్_వీరుడు, మీ డ్రాయర్‌లో కాలిపోయిన 510లు ఎన్నున్నాయో ముందు లెక్క చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

#5 కాకినాడ_కాయిల్
ఐడిల్‌లో స్క్రీన్ 540 చూపిస్తోంది. మీటర్ తప్పేమో అని ఇంకో మీటర్‌తో కూడా చూశా. అదే.

#6 పాతవాల్వు
540. దొంగ దొరికాడు. 807 స్క్రీన్‌కి గరిష్ఠం 300.

మీరు చూసిన సర్క్యూట్ క్లాస్ సీది (ట్యూబ్ సిగ్నల్ పీక్‌ల దగ్గర మాత్రమే పనిచేసేది), సీడబ్ల్యూకి, అంటే మోర్స్‌కి పనికొచ్చేది. కీ నొక్కినంతసేపూ స్క్రీన్ ఏడెనిమిది ఎంఏ లాగుతూనే ఉంటుంది కాబట్టి రెసిస్టర్ మీద పడాల్సిన వోల్టులు పడిపోతాయి. ఎస్ఎస్‌బీలో (గొంతు పంపే పద్ధతి) మాట లేనప్పుడు స్క్రీన్ లాగేది చాలా తక్కువ. మీ దగ్గర 2.4 ఎంఏ. 33కే మీద 80 వోల్టులే పడతాయి. 620లోంచి 80 తీసేయండి, 540.

బయాస్ లెక్క కూడా అతికినట్టు సరిపోయింది చూడండి. 807లో గ్రిడ్‌కీ స్క్రీన్‌కీ మధ్య మ్యూ (యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్) 8. స్క్రీన్ మీద 8 వోల్టులు పెరిగితే గ్రిడ్ మీద ఇంకో వోల్టు నెగటివ్ కావాలి. మీకు పెరిగింది 240. ఎనిమిదో వంతు 30. 34కి 30 కలిపితే 64. మీ మీటర్లు రెండూ నిజమే చెప్తున్నాయి.

ఇక మాట్లాడగానే స్క్రీన్ 8 ఎంఏ లాగుతుంది, 33కే మీద 264 పడుతుంది, స్క్రీన్ 350 ప్రాంతానికి జారిపోతుంది. బయాస్ మాత్రం 64 దగ్గరే కూర్చుని ఉంటుంది. అంటే గట్టిగా పలికిన అక్షరం దగ్గరల్లా ట్యూబ్ క్లాస్ సీలోకి పోతోంది. బొంగురు అందుకే, 12 వాట్లలో సగం కారణం కూడా అదే.

స్క్రీన్‌ని 300 దగ్గర కట్టేయాలి. 0ఏ2 (వోల్టేజ్‌ని 150 దగ్గర నిలబెట్టే గ్యాస్ ట్యూబ్) రెండు సిరీస్‌లో పెడితే 150, 150 కలిసి 300. హెచ్‌టీ నుంచి వాటికి 12కే 25 వాట్ల వైర్‌వౌండ్. స్క్రీన్‌కి ఆ జంట పై కొస నుంచి తీసుకోండి.

#7 బెజవాడ_బయాస్
@పాతవాల్వు, అంతా బాగుంది గానీ 12కే దగ్గర ఆగాలి. మన కరెంటు సాయంత్రం ఒకలా, అర్ధరాత్రి ఒకలా. రాత్రి హెచ్‌టీ 680కి పోతే 12కే గుండా 31.7 ఎంఏ. 0ఏ2 పరిధి 5 నుంచి 30. ఐడిల్‌లో స్క్రీన్ లాగేది లెక్కలోకి రానంత, మొత్తం పాపం ఆ రెండు గ్యాస్ ట్యూబుల మీదే. 15కే పెడితే 600 దగ్గర 20, 680 దగ్గర 25. పీక్‌లో స్క్రీన్ 10 లాక్కున్నా 0ఏ2కి 10 మిగులుతుంది, ఆరిపోదు. రెసిస్టర్‌లో వేడి 9.6 వాట్లు, మీరన్న 25 వాట్లదే సరి.

#8 పాతవాల్వు
ఒప్పుకున్నా. 15కే. నేను 600 ఒక్కటే చూశా.

#9 కోఠీ_కండెన్సర్
0ఏ2 ఎక్కడ వెతుకుతారు, 100 వోల్టుల 5 వాట్ల జీనర్లు మూడు సిరీస్‌లో పెడితే సరి. గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. ఒక్కోదానిలో 2.5 వాట్లు, కాళ్ళు కొంచెం పొడుగ్గా ఉంచి బోర్డు మీంచి లేపి పెట్టాలి.

#10 పాతవాల్వు
జీనరూ మంచిదే. పోతే ఎక్కువగా షార్ట్ అయి పోతుంది, స్క్రీన్ వోల్టేజ్ తగ్గుతుంది, ట్యూబ్ బతుకుతుంది. 0ఏ2 సాకెట్‌లోంచి ఊడితే స్క్రీన్ మళ్ళీ ఆకాశానికి. దానికో చిట్కా ఉంది. 0ఏ2లో 1, 5 పిన్‌లు రెండూ ఆనోడే, లోపలే కలిసి ఉంటాయి. పై ట్యూబ్‌లో 15కే ని 5కి ఇచ్చి, స్క్రీన్ వైరు 1 నుంచి తీయండి. ట్యూబ్ ఊడిందంటే స్క్రీన్ దారి కూడా తెగిపోతుంది.

#11 కోఠీ_కండెన్సర్
కింది ట్యూబ్ ఊడితే?

#12 పాతవాల్వు
అప్పుడు ఈ చిట్కా పనిచేయదు. రెండిటికీ స్ప్రింగు క్లిప్పులో, డబ్బాలో వేయాల్సిందే. అంత అనుమానమైతే జీనర్లే పెట్టుకోండి, నేనేమీ అనుకోను.

#13 గ్రిడ్‌లీకు
స్క్రీన్ గొడవ తేలింది గానీ 20 నుంచి 90కి ఎగరడం దానివల్ల కాదు. అది పారసైటిక్, అంటే యాంప్ తనంతట తానే వేరే ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ కావడం. 807కి ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది. గెయిన్ ఎక్కువ, ప్లేట్ టోపీ నుంచి కండెన్సర్ దాకా వైరు పొడుగు, ఆ వైరే వీహెచ్ఎఫ్‌లో కాయిల్ అయి కూర్చుంటుంది.

@కాకినాడ_కాయిల్, మూడు సంగతులు చెప్పండి. ట్యూబ్ చుట్టూ డబ్బా ఉందా? స్క్రీన్ బైపాస్ (ఆర్ఎఫ్‌ని భూమికి పంపే కండెన్సర్) ఎక్కడ, కాళ్ళు ఎంత పొడుగు? ప్లేట్ దగ్గర స్టాపర్ ఉందా?

#14 కాకినాడ_కాయిల్
డబ్బా లేదు. బైపాస్ ట్యాగ్ స్ట్రిప్ మీద, పిన్ నుంచి మూడంగుళాలు ఉంటుంది. స్టాపర్ అంటే?

#15 గ్రిడ్‌లీకు
మూడుకి మూడూ లేవన్నమాట.

డబ్బా: అల్యూమినియంది, ట్యూబ్ కింది భాగాన్ని మూస్తూ, లోపల కనిపించే ప్లేటు కింది అంచు దాకా రావాలి. అంతకంటే పైకొస్తే ప్లేట్ వేడి బయటికి పోదు. చాసిస్‌కి చుట్టూరా గట్టిగా తగలాలి.

బైపాస్: 0.01 ఎంఎఫ్‌డీ 1 కేవీ డిస్క్, 2వ పిన్‌కే టంకం. రెండో కాలు కాథోడ్ బైపాస్ భూమికి కలిసే బిందువులోనే కలవాలి. సెంటీమీటరు కాలు కూడా ఎక్కువే. 10 ఓమ్స్‌కి సమాంతరంగా 4వ పిన్ దగ్గర ఇంకో 0.01 ఉండాలి, లేకపోతే ఆ పది ఓమ్సే ఆర్ఎఫ్‌కి అడ్డం.

గ్రిడ్: 3వ పిన్ మీదే 22 ఓమ్స్ కార్బన్.

ప్లేట్ స్టాపర్: 47 ఓమ్స్ 2 వాట్ల కార్బన్ రెసిస్టర్, దాని ఒంటి మీదే 18 గేజి తీగ నాలుగు చుట్లు, రెండు కొసలూ రెసిస్టర్ కాళ్ళకే. ప్లేట్ టోపీకి ఆనుకుని పెట్టాలి, కాయిల్ దగ్గర కాదు. 7 మెగాహెర్ట్జ్‌కి ఆ నాలుగు చుట్లు మామూలు తీగ, కరెంట్ అందులోంచే పోతుంది. వీహెచ్ఎఫ్‌కి మాత్రం చుట్లు అడ్డు తగిలి, రెసిస్టర్ గుండా పోయి చస్తుంది. చుట్లు పెంచితే రెసిస్టర్ మాడుతుంది. నల్లబడితే ఒక చుట్టు తీసేయండి.

తర్వాత పరీక్ష: డ్రైవ్ లేదు, డమ్మీ లోడ్ ఉంది, బయాస్ కొంచెం తగ్గించి ఐడిల్ 30 ఎంఏ. రెండు కండెన్సర్లూ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. ముల్లు కదలకూడదు. టెస్టర్‌లోని నియాన్ బల్బు ఎండిన కర్రకి కట్టి ప్లేట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆసిలేషన్ ఉన్నచోట వెలుగుతుంది.

#16 కొత్తహామ్22
అందరూ పై నెట్‌వర్క్ పై నెట్‌వర్క్ అంటున్నారు. మరి కింద నెట్‌వర్క్ ఎక్కడుంటుంది?

#17 డమ్మీలోడ్
చాసిస్ కింద ఉంటుంది, పేరు ఎర్తు. సరదాకన్నా. ఆ పై గ్రీకు అక్షరం బాబూ. రెండు కండెన్సర్లు కాళ్ళు, కాయిల్ అడ్డకర్ర.

#18 టంకంబుల్లోడు
ఆ 14 చుట్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 40 ఎంఎం పైపు మీద 14 చుట్లు, చుట్టుకి 2 ఎంఎం చొప్పున వేస్తే 7 మైక్రోహెన్రీలు కూడా రావు.

ఏబీ1లో (గ్రిడ్ కరెంట్ రానివ్వని క్లాస్) 600 వోల్టులు, పీక్‌లో 70 ఎంఏ. ప్లేట్ లోడ్ 600 ÷ (1.57 × 0.07), దాదాపు 5460 ఓమ్స్. క్యూ 12 పెట్టుకుని 7.1 మెగాహెర్ట్జ్‌కి:
ట్యూన్ 49 పీఎఫ్
కాయిల్ 10.6 మైక్రోహెన్రీలు
లోడ్ 257 పీఎఫ్

ఆ 49లో ట్యూబ్ సొంత 7 పీఎఫ్, వైరింగ్‌ది ఓ పది కలిసే ఉన్నాయి. కండెన్సర్ నుంచి కావాల్సింది 32 చుట్టుపక్కల, అంతే. కాయిల్ అదే పైపు మీద 18 గేజి తీగ 19 చుట్లు, పొడవు 38 ఎంఎం వచ్చేలా సమంగా పరవాలి. మధ్యలో నైలాన్ దారం కలిపి చుట్టి, తర్వాత దారం లాగేస్తే ఎడం తనే కుదురుతుంది.

రెండు ట్యూబులు ప్యారలల్ పెట్టే ఆలోచన ఉంటే లోడ్ సగమవుతుంది: 98 పీఎఫ్, 5.6 మైక్రోహెన్రీలు, 577 పీఎఫ్.

#19 టొరాయిడ్_ట్రంకురోడ్డు
ఎర్ర టీ200-2 మీద 30 చుట్లు వేస్తే అదే 10.6 వస్తుంది. పైపు సైజు లేదు, దారం లేదు, డబ్బా గోడకి దగ్గరగా పెట్టినా బాధ లేదు.

#20 టంకంబుల్లోడు
ఆ కోర్ ధరకి పైపులు పది మీటర్లొస్తాయి. పైగా గాలి కాయిల్‌కి చుట్లు నొక్కి, లాగి సరిచేసుకోవచ్చు. మొదటి బిట్‌ఎక్స్‌లో కాయిళ్ళకి కోర్లేమిటో గుర్తుందా? కుళాయి వాషర్లు. హైదరాబాదు నుంచి వచ్చిన డిజైన్, ప్రపంచమంతా కుళాయి వాషర్లు కొన్నారు.

#21 టొరాయిడ్_ట్రంకురోడ్డు
వాషర్‌తో మొదలుపెట్టి పీవీసీ దాకా వచ్చారు. ఇంకో రెండేళ్ళకి మీ యాంప్ మొత్తం ప్లంబర్ కడతాడు.

#22 ఎర్రగడ్డ_ఆదివారం
ట్యూన్ కండెన్సర్ ఏం పెట్టారు? రేడియో గ్యాంగ్ అయితే జాగ్రత్త. ప్లేట్ మీద ఆర్ఎఫ్ పీక్ 500 దాటుతుంది. డమ్మీ లోడ్ ఊడిపోయిందంటే ఇంకా ఎక్కువ. రిసీవర్ గ్యాంగ్ రేకుల మధ్య సందు దానికి బొటాబొటి, దుమ్ముంటే టప్ మంటుంది. మీకు కావాల్సింది 32 పీఎఫ్ కాబట్టి తిరిగే రేకుల్లో ఒకటి విడిచి ఒకటి, కదలని వాటిలోనూ అలాగే, పొడుగు ముక్కు ప్లయర్‌తో మెల్లిగా ఊపి పీకేయండి. సందు రెట్టింపు పైనే అవుతుంది, కెపాసిటీ ఇంకా మిగులుతుంది. లోడ్ వైపు 28 వాట్లకి 53 వోల్టుల పీకే, అక్కడ ఏ గ్యాంగైనా నడుస్తుంది.

#23 కాకినాడ_కాయిల్
రేడియో గ్యాంగే. రేకులు పీకుతా. హెచ్‌టీ సంగతి కూడా చూడండి: 230/230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ 100 వీఏ, డబ్లర్, 220 ఎంఎఫ్‌డీ 450 వోల్టులవి రెండు. బ్లీడర్ (ఆఫ్ చేశాక కండెన్సర్లని ఖాళీ చేసే రెసిస్టర్) లేదు.

#24 బెజవాడ_బయాస్
బ్లీడర్ లేదు అని ఇంత తాపీగా రాశారేంటండీ! ఒక్కో కండెన్సర్ మీద 325 వోల్టులు, రెండూ కలిసి 650. స్విచ్ కట్టేసి టీ తాగొచ్చినా ప్రాణం తీయడానికి సరిపడా ఉంటుంది. ఒక్కోదాని మీద 47కే 5 వాట్లది వేయండి, రెండు కండెన్సర్లకీ కలిపి ఒకటి కాదు. టైమ్ కాన్‌స్టెంట్ పది సెకన్లు, నిమిషం ఆగితే రెండు మూడు వోల్టులే మిగులుతాయి. అప్పుడైనా షార్టింగ్ కర్ర తాకించాకే చెయ్యి పెట్టాలి.

ఇది చదివి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దండగ అని మెయిన్స్‌కి నేరుగా డబ్లర్ పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. చాసిస్ మొత్తం ఫేజ్ అవుతుంది. వద్దు.

హెచ్‌టీ ఫ్యూజ్ 250 ఎంఏ, దానికి సిరీస్‌లో 22 ఓమ్స్ 5 వాట్ల వైర్‌వౌండ్. గాజు ఫ్యూజ్ 600 వోల్టుల డీసీకి తెగినా మధ్యలో ఆర్క్ పట్టుకుంటుంది, ఆ 22 ఆ కరెంట్‌ని కట్టడి చేస్తుంది. స్క్రీన్ 15కే కూడా ఈ ఫ్యూజ్ తర్వాతే తీయాలి. ప్లేట్ వోల్టేజ్ పోయి స్క్రీన్ వోల్టేజ్ ఉందంటే ఎలక్ట్రాన్లన్నీ స్క్రీన్ మీదే పడతాయి, క్షణాల్లో ఎర్రబడుతుంది. టోపీ క్లిప్పు ఊడినా ఇదే.

బయాస్ పాట్‌కి కూడా ఒక మాట. వైపర్ తుప్పు పట్టి వదిలేస్తే బయాస్ సున్నా కాకూడదు. వైపర్ నుంచి నెగటివ్ కొసకి 100కే వేయండి, వదిలేసినా పూర్తి నెగటివ్ వస్తుంది.

#25 పాతవాల్వు
పై మాటకి ఇంకోటి. ప్లేట్ నుంచి పై-నెట్‌వర్క్‌కి పోయే 1000 పీఎఫ్ కనీసం 3 కేవీది ఉండాలి. అది షార్ట్ అయితే 600 వోల్టులు ఆంటెన్నా తీగ మీద. యాంటెన్నా సాకెట్ నుంచి భూమికి 2.5 మిల్లీహెన్రీ చోక్ ఒకటి పెడితే, ఆ రోజొచ్చినప్పుడు తీగకి బదులు ఫ్యూజ్ పోతుంది.

#26 మూడుఎలిమెంట్లు
స్క్రీన్, గ్రిడ్ రెండూ భూమికి కట్టేసి గ్రౌండెడ్ గ్రిడ్‌లో పెడితే స్క్రీన్ సప్లై, బయాస్ రెండూ ఎగిరిపోతాయి కదా. ఇంత ప్రవచనం ఎందుకు?

#27 గ్రిడ్‌లీకు
811ఏ ట్రయోడ్‌కి చెప్పండి ఆ మాట. 807లో బీమ్ ప్లేట్లు లోపలే కాథోడ్‌కి కలిసి ఉంటాయి. గ్రౌండెడ్ గ్రిడ్‌లో కాథోడే ఇన్‌పుట్. అంటే ఇన్‌పుట్‌ని తీసుకెళ్ళి ప్లేట్ పక్కన కూర్చోబెట్టినట్టు. ఉన్న ఆసిలేషన్ చాలదా? పైగా గెయిన్ పది డీబీ చుట్టూ. ఏబీ1లో గ్రిడ్‌కి 34 వోల్టుల పీక్ ఇస్తే చాలు, 200 ఓమ్స్ మీద అది 3 వాట్లు.

#28 డమ్మీలోడ్
ఆ 3 వాట్ల మీదే నా అనుమానం. బిట్‌ఎక్స్ 7 వాట్లిస్తుంటే 200 ఓమ్స్ మీద 53 వోల్టుల పీక్. గ్రిడ్ పాజిటివ్‌లోకి పోతుంది, గ్రిడ్ కరెంట్, పక్క స్టేషన్ల శాపనార్థాలు. మధ్యలో 3 డీబీ ప్యాడ్ పెట్టాలి: 300, 18, 300. ఇన్‌పుట్ వైపు 300కి 2 వాట్లు, 18కి 3 వాట్లు, అవతలి 300కి ఒక వాట్ చాలు. అప్పుడు 37 వోల్టులు, మైక్ గెయిన్ కొంచెం తగ్గిస్తే సరి.

#29 కాకినాడ_కాయిల్
నాలుగు రోజులు పట్టింది. 0ఏ2లు రెండూ ఎర్రగడ్డ సంతలో దొరికాయి. లెక్కలు:

స్క్రీన్ ఐడిల్‌లో 302, మాట్లాడితే 299. బయాస్ మైనస్ 33, ఐడిల్ 20. డబ్బా, స్టాపర్, బైపాస్‌లు వేశాక కండెన్సర్లు రెండూ మొత్తం తిప్పినా ముల్లు గుడిలో దీపంలా నిలబడింది. 19 చుట్ల కాయిల్‌తో డిప్ (రెజొనెన్స్ దగ్గర ప్లేట్ కరెంట్ పడిపోయే చోటు) దొరికింది, డమ్మీ లోడ్ మీద 26 వాట్లు.

రెండు సందేహాలు. మాట్లాడినప్పుడు గాజు లోపలి గోడ మీద నీలం వెలుగు వస్తోంది, ట్యూబ్‌లో గ్యాసా? ఇంకోటి, డిప్ మరీ చిన్నది, ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

#30 గ్రిడ్‌లీకు
గాజు మీద నీలం, మాటకి తగ్గట్టు ఆడుతుంటే అది గాజు మెరుపే. ఏం కాదు, చూడ్డానికి బాగుంటుంది. ఎలక్ట్రోడ్ల మధ్య ఊదా పొగలా నిలబడితే గ్యాస్.

#31 పాతవాల్వు
డిప్ కోసం ప్లేట్ కరెంట్ కంటే స్క్రీన్ కరెంట్ చూడండి. 0ఏ2 పై కొసకీ బైపాస్‌కీ మధ్య 100 ఓమ్స్, దాని మీద మీటర్. ఒక వోల్టు అంటే 10 ఎంఏ. ఆ మీటర్ చాసిస్‌కి 300 వోల్టుల మీద ఉంటుందని మరవొద్దు, ముందే క్లిప్పులు పెట్టి ఆన్ చేయాలి.

లోడ్ కండెన్సర్ పూర్తిగా మూసి మొదలు. ట్యూన్ తిప్పి స్క్రీన్ ఎక్కువ చూపించే చోట ఆపండి, అదే రెజొనెన్స్. లోడ్ కొంచెం తెరవండి, మళ్ళీ ట్యూన్. స్క్రీన్ కరెంట్ మరీ ఎక్కువుంటే లోడింగ్ చాలలేదు, మరీ పడిపోతే ఎక్కువైంది. కాథోడ్‌లో మీరు చూసేది ప్లేట్, స్క్రీన్ రెండూ కలిసిన కరెంట్, 78 కనిపిస్తే ప్లేట్‌ది 70. ఒక్కోసారి పది సెకన్లకి మించి క్యారియర్ పట్టుకోవద్దు.

#32 టంకంబుల్లోడు
గాలిలోకి వెళ్ళే ముందు లో పాస్ ఫిల్టర్. పై-నెట్‌వర్క్ ఒక్కదాన్ని నమ్ముకోకండి. 270, 680, 680, 270 పీఎఫ్ మైకావి 500 వోల్టులు, మధ్యలో 1.38, 1.70, 1.38 మైక్రోహెన్రీలు. పసుపు టీ68-6 మీద 17, 19, 17 చుట్లు.

#33 టొరాయిడ్_ట్రంకురోడ్డు
ఆఖరికి టొరాయిడ్ దగ్గరికే వచ్చారు.

#34 కాకినాడ_కాయిల్
ఫిల్టర్ కట్టా. ఇప్పుడు కొత్త జబ్బు. ఆన్ చేసిన కాసేపటికి 0ఏ2లు మిణుకుమిణుకుమంటున్నాయి, రిసీవర్‌లో గర్రుమని కూత. స్క్రీన్ ఇంకా నున్నగా ఉంటుందని జంట మీద 10 ఎంఎఫ్‌డీ ఎలక్ట్రోలిటిక్ వేశా, అంతకుమించి ఏమీ మార్చలేదు.

#35 బెజవాడ_బయాస్
అదే మార్చారు. 0ఏ2 మీద 0.1 ఎంఎఫ్‌డీకి మించి పెట్టకూడదు. కండెన్సర్ నిండుతుంది, గ్యాస్ వెలిగి దాన్ని ఖాళీ చేస్తుంది, ఆరిపోతుంది, మళ్ళీ నిండుతుంది. మీరు యాంప్ పక్కన ఒక ఆసిలేటర్ కూడా కట్టారు.

#36 కాకినాడ_కాయిల్
10 పీకేశా. పిన్ దగ్గరి 0.01 ఒక్కటే ఉంచా. కూత పోయింది.

#37 ఐఆర్ఎఫ్_వీరుడు
ఆ 0ఏ2లు ఇంకో జత దొరికితే చెప్పండి.

#38 డమ్మీలోడ్
ఎవరికోసమట?